పరాయిదేశపు చదువు – తొలి ఏడాది

పైచదువులకు అమెరికా వెళ్ళడమన్నది ఒకప్పుడు ఊరికొక్కరి సంగతి. వీసా కావాలంటే మద్రాసు దాకా పోయి రావలసి వచ్చేది. హైదరాబాదులో అమెరికన్ కాన్సులేటు పెట్టింది 2008 లోనే. ఇవాళ ఏ వీధిలో చూసినా ఒకరిద్దరు అక్కడ చదువుతున్నవాళ్ళుంటున్నారు. 2023–24 విద్యా సంవత్సరంలో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది అని లెక్క తేలింది. ఆ ఏడాది అన్ని దేశాలవాళ్ళలోకీ మనవాళ్ళే ఎక్కువ. అందులో తెలుగు పిల్లల పాలు పెద్దదే, ఆడపిల్లలూ తక్కువేం కాదు. బ్యాంకులో అప్పు తీసుకునో, ఇల్లు తాకట్టు పెట్టో, పెళ్ళికని దాచిన బంగారం కరిగించో తల్లిదండ్రులు పంపుతున్నారు. కాబట్టి వెళ్ళిన పిల్ల అక్కడ నిలదొక్కుకోవడమన్నది ఆ పిల్ల ఒక్కర్తె సంగతి కాదు, ఇంటిల్లిపాది సంగతి.

విమానం ఎక్కేదాకా ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. వాళ్ళు పలకలు కట్టుకుని కూర్చున్నారు కూడా. దిగిన తర్వాత సంగతి చెప్పేవాళ్ళే తక్కువ. నేనక్కడ చదువుకుని, ఆ పైన కొన్నేళ్ళు విదేశీ విద్యార్థుల మంచిచెడ్డలు చూసే కార్యాలయంలోనే పని చేసినదాన్ని గనుక, ఎక్కువమంది పిల్లలు ఎక్కడ తట్టుకుని పడుతుంటారో కొంత చూశాను. అదే మీతో చెప్పాలని.

ముందు పెట్టె సంగతి. మనవాళ్ళ ఆరాటమంతా దీని మీదనే. సాధారణంగా ఒక్కొక్కటి 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు తీసుకుపోనిస్తారు. అందులో సగం పచ్చళ్ళూ పొడులూ అయిపోతాయి. కందిపొడి, కారప్పొడి పెట్టండి, కాదనను. కానీ బియ్యం, కరివేపాకు, పచ్చి కాయలు, పండ్లు, మాంసంతో చేసినవి పెట్టకండి. బియ్యంలో వచ్చే ఒక జాతి పురుగు, కరివేపాకు మీద ఉండే మరో పురుగు తమ పంటలకు చేటు చేస్తాయని వాటిని ఆ దేశం రానివ్వదు. తినే వస్తువులున్నాయా అని అడిగిన చోట ఉన్నాయనే చెప్పాలి. చెప్పి చూపిస్తే మహా అయితే తీసేసుకుంటారు. దాచి దొరికితే జరిమానా. ఆవకాయ కోసం అబద్ధంతో ఆ దేశంలో అడుగుపెట్టడం ఏం శోభ? కాగితాలు మాత్రం పెద్ద పెట్టెలో వెయ్యకూడదు. పాస్‌పోర్టు, ఐ-20, ప్రవేశపత్రం, డబ్బు ఉన్నట్టు చూపే పత్రాలు, చిన్నప్పుడు వేయించిన టీకాల వివరాలు – ఇవన్నీ చేతిసంచిలో ఉండాలి. పళ్ళ వైద్యం, కళ్ళజోడు పని ఇక్కడే పూర్తి చేసుకుని వెళితే మంచిది. అక్కడ పంటి నొప్పి వస్తే పన్నుతో పాటు పర్సు కూడా ఊడుతుంది. చలికోటు మటుకు ఇక్కడ కొనకండి. అక్కడి చలికి అక్కడి కోటే ఆగుతుంది.

చదువు మొదలయ్యే తేదీకి 30 రోజులకంటె ముందుగా ఎఫ్-1 వీసా మీద దేశంలోకి రానివ్వరు. చుట్టాలింట్లో రెండు నెలలుండి వెళుతుందిలే అనుకునే తల్లులు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక ఇల్లు. సామాన్యంగా మన పిల్లలు నలుగురు కలిసి రెండు గదుల అపార్ట్‌మెంటు తీసుకుంటారు. ఖర్చు కలిసి వస్తుంది, వంట వంతులవారీగా అవుతుంది, రాత్రి ఇంటికొచ్చేసరికి తెలుగు మాట వినపడుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. అయితే ఆ ఇళ్ళు చాలావరకు కొయ్యతో కట్టినవి. ప్రతి గదిలోనూ పైన పొగను పసిగట్టే గంట ఒకటుంటుంది. మనం నూనె కాగనిచ్చి ఆవాలూ ఎండుమిరపకాయలూ వేసి పోపు పెట్టామంటే, ఆ గంట ఇల్లెగిరిపోయేటట్టు మోగుతుంది. కొన్ని భవనాల్లో అది నేరుగా అగ్నిమాపక దళానికే చేరుతుంది. తెలియని పిల్లలు స్టూలెక్కి దాని బ్యాటరీ పీకేస్తారు. అది చెయ్యకూడదు, చట్టప్రకారమూ తప్పే, ప్రాణానికీ తప్పే. పొయ్యి మీది ఫ్యాను వేసి, కిటికీ తీసి, సన్నని సెగ మీద పోపు వేసుకోవడం నేర్చుకోవాలి. అట్లాగే గిన్నెలు కడిగే యంత్రంలో చేత్తో తోముకునే సబ్బునీళ్ళు పోస్తే వంటింటి నిండా నురగే. స్నానాలగదిలో నేల మీద నీళ్ళు పోయే తూము ఉండదు. తెర తొట్టి లోపలికి వేసుకుని స్నానం చెయ్యకపోతే నీళ్ళు కింది ఇంటివాళ్ళ నెత్తిన కారతాయి. ఇవన్నీ చిన్న సంగతులే. కానీ మొదటి నెలలో పిల్లలు సిగ్గుపడేది ఇట్లాంటివాటికే.

పెద్ద సంగతి లీజు. ఏడాదికి సంతకం చేయించుకుంటారు. నలుగురూ ఒకే కాగితం మీద సంతకం చేశారనుకోండి, మధ్యలో ఒకమ్మాయి వేరే ఊరికి మారిపోతే ఆమె వాటా అద్దె మిగతా ముగ్గురి మెడకు చుట్టుకుంటుంది. స్నేహం చేసినది నిన్న, సంతకం చేసేది ఏడాదికి! ఎవరి గదికి వారే వేరుగా సంతకం చేసే చోటు దొరికితే అద్దె కొంచెం ఎక్కువైనా ఆలోచించదగినదే. ఇంట్లో దిగిన రోజున గోడల మీది మరకలు, విరిగిన తలుపులు, కాలిన తివాచీ అన్నీ ఫోటోలు తీసి యజమానికి పంపి ఉంచుకోవాలి. అడ్వాన్సు తిరిగి రావడానికి అదే సాక్ష్యం.

చదువు దగ్గరికి వద్దాం. నా ఉద్దేశంలో మన పిల్లలకు అన్నిటికన్న కొత్తగా తోచేది అమెరికా కాదు, అమెరికా తరగతి గది. ఇంటర్మీడియెట్లో, ఇంజనీరింగులో మనవాళ్ళు పడే కష్టంలో సగం పడితే అక్కడ పాసు కావచ్చు. అయినా తెలివైన పిల్లలు మొదటి సెమిస్టరులో తడబడతారు. ఎందుకంటే అక్కడ చదవడం ఒక్కటే చాలదు, అడగడం కూడా రావాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు మన పెద్దలు. అని ఊరుకుంటారు గాని, ఆడపిల్ల నోరు తెరిచి అడిగితే మెచ్చుకునే ఇల్లు మనలో ఎన్ని? క్లాసులో లేచి ప్రశ్న వేసిన పిల్లను ‘అతి తెలివి’ అనే మాస్టార్లను మనమెరగమా? పద్దెనిమిదేళ్ళు అట్లా పెంచి, ఒక్కసారిగా ప్రొఫెసరుతో వాదించమంటే ఎక్కడినుంచి వస్తుంది?

అక్కడ మొదటి రోజున ప్రతి ప్రొఫెసరూ సిలబస్ అనే కాగితం ఇస్తారు. మన సిలబస్ అంటే పాఠాల జాబితా. వాళ్ళ సిలబస్ ఒక ఒప్పందపత్రం లాంటిది. ఏ వారం ఏ పాఠం, ఏ తేదీకి ఏ పని ఇవ్వాలి, ఆలస్యమైతే ఎంత కోత, హోంవర్కుకి ఎంత, పరీక్షకి ఎంత, క్లాసులో మాట్లాడినందుకు ఎంత – అన్నీ అందులోనే ఉంటాయి. మనకు చివరి పరీక్ష ఒక్కటే ప్రాణం. ఆఖరి పదిహేను రోజులు రాత్రింబగళ్ళు చదివి గట్టెక్కుతాం. అక్కడ అది చెల్లదు. సెప్టెంబరులో ఇవ్వని హోంవర్కు డిసెంబరులో వచ్చి కాటేస్తుంది. చాలా యూనివర్సిటీల్లో ఎమ్.ఎస్. విద్యార్థి సగటు నాలుగుకి మూడు, అంటే 3.0 కంటె తగ్గితే హెచ్చరిక పత్రం వస్తుంది. తగ్గుతూనే ఉంటే చదువు మానిపిస్తారు. చదువు మానిపిస్తే వీసా నిలవదు. వీసా నిలవకపోతే ఇంటి మీద అప్పు మాత్రం నిలుస్తుంది.

ఇందుకు వాళ్ళే ఒక ఉపాయం ఏర్పాటు చేసిపెట్టారు. ప్రతి ప్రొఫెసరూ వారానికి కొన్ని గంటలు తలుపు తీసి పెట్టుకుని కూర్చుంటారు. ఆఫీస్ అవర్స్ అంటారు. ఎవరైనా వెళ్ళి ‘నాకిది అర్థం కాలేదు’ అనవచ్చు. ఆ గంటల జీతం మన ఫీజులోనే ఉంది. అయినా మన పిల్లలు వెళ్ళరు. నాకేమీ రాదనుకుంటారేమోనని భయం. విజయనగరం వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి నాకు తెలుసు. కాలేజీలో బంగారు పతకం తెచ్చుకున్న పిల్ల. మొదటి సెమిస్టరంతా ఆ గుమ్మం ముందు నడిచి వెళ్ళేదట, లోపల ఎవరో ఒకరు ఉంటే ‘బిజీగా ఉన్నారు’ అని, ఎవరూ లేకపోతే ‘ఒంటరిగా ఎట్లా’ అని వెనక్కి వచ్చేసేదట. రెండో సెమిస్టరులో గది స్నేహితురాలు చెయ్యి పట్టి లోపలికి తోసింది. ఆ ప్రొఫెసరు పదిహేను నిమిషాలు చెప్పి, చివర, ‘ఇంతకాలం ఎందుకు రాలేదు?’ అని అడిగారట. తర్వాత ఆయన దగ్గరే ఆ అమ్మాయికి పరిశోధన సహాయకురాలిగా పని దొరికింది. అందరికీ ఉద్యోగం దొరుకుతుందని కాదు. పేరు తెలియని పిల్లకు సిఫార్సు ఉత్తరం ఎవరు రాస్తారు? వెళ్ళేటప్పుడు ఊరికే ‘అర్థం కాలేదు’ అనకుండా, ఇంతవరకు ఇట్లా చేశాను, ఇక్కడ ఆగిపోయాను అని కాగితం చూపిస్తే వాళ్ళకి ఎంతో ఇష్టం.

మన పిల్లలు బోల్తాపడే చోటు ఇంకొకటి ఉంది. దాన్ని గట్టిగా చెప్పాలి. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పచెప్పడం మన దగ్గర గొప్ప. పద్యమైనా, జవాబైనా, పొల్లుపోకుండా చెబితే శభాష్ అంటాం. అక్కడ ఇంకొకరు రాసిన వాక్యాలు కొటేషను గుర్తులు లేకుండా, ఎవరివో చెప్పకుండా నీ వ్యాసంలో పెడితే అది గ్రంథచౌర్యం. నేరం కింద లెక్క. నాలుగు మాటలు మార్చినా నేరమే. స్నేహితురాలి హోంవర్కు చూసి రాయడం మనకు స్నేహధర్మం. అక్కడ రాసినవాళ్ళకూ చూపించినవాళ్ళకూ ఇద్దరికీ శిక్ష. పోలికలు పట్టే కంప్యూటరు ప్రోగ్రాములున్నాయి. ఈమధ్య కృత్రిమ మేధతో వ్యాసాలు రాయించుకోవడం వచ్చింది. దాన్ని ఎంతవరకు వాడవచ్చో ఒక్కొక్క ప్రొఫెసరు ఒక్కొక్క విధంగా పెడతారు, అది సిలబస్‌లోనే చూడాలి; లేకపోతే అడగాలి. ‘మా దేశంలో ఇట్లాగే చేస్తాం’ అని ఏడ్చిన పిల్లల్ని నేను చూశాను. వాళ్ళు దొంగలు కారు. కాని విచారణ సంఘం వాళ్ళు కన్నీళ్ళు చూడరు, కాగితం చూస్తారు.

వ్యాసం రాయడం నేర్పే రైటింగ్ సెంటర్ అని ప్రతి యూనివర్సిటీలోనూ దాదాపు ఉంటుంది. డబ్బు తీసుకోరు. దాన్ని ఇంగ్లీషు రానివాళ్ళ బడి అనుకోకండి, అమెరికన్ పిల్లలూ వరసలో నిలబడతారు.

చట్టం సంగతి నాలుగు మాటల్లో. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల కార్యాలయం ఒకటుంటుంది. దిగిన వెంటనే అక్కడికి వెళ్ళి వచ్చానని నమోదు చేయించుకోవాలి. ఇల్లు మారితే 10 రోజుల్లోగా కొత్త చిరునామా తెలపాలి. సెమిస్టరుకి పూర్తి చదువు చదవాలి – ఎమ్.ఎస్. వాళ్ళకు చాలాచోట్ల అది 9 క్రెడిట్లు. ఒక సబ్జెక్టు కష్టంగా ఉంది కదా అని ఎవరికీ చెప్పకుండా వదిలేస్తే లెక్క తగ్గి, విద్యార్థి హోదాకే ముప్పు. వదిలేసే ముందు ఆ కార్యాలయంలో అడిగి తీరాలి. చదువు సాగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించకుండా, యూనివర్సిటీ ఆవరణలోనే పని చెయ్యవచ్చు. బయట పెట్రోలు బంకుల్లో, హోటళ్ళలో చేతికి నగదు ఇచ్చే పనులు ఉంటాయి. అవి చెయ్యకూడదు. ‘అందరూ చేస్తున్నారు’ అనే మాట మన పిల్లల చెవిలో మొదటి వారమే పడుతుంది. పట్టుబడ్డ నాడు ఆ అందరూ రారు. నియమాలు మారుతూ ఉంటాయి గనుక, ఏ సందేహం వచ్చినా సీనియర్లను కాదు, ఆ కార్యాలయాన్నే అడగాలి.

యూనివర్సిటీని ఎంచుకోవడంలోనూ జాగ్రత్త కావాలి. 2011 లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగినప్పుడు అందులో ఉన్న పిల్లల్లో మన తెలుగువాళ్ళు ఎందరో. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు కట్టారు. 2019 జనవరిలో బయటపడ్డ మిచిగాన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ మరీ విచిత్రం. అక్కడ పాఠాలూ లేవు, పంతుళ్ళూ లేరు. దొంగచాటు దళారులను పట్టడానికి ప్రభుత్వమే పెట్టిన ఉత్తుత్తి బడి అది. మొదట అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు. వారిలోనూ తెలుగు పిల్లలు చాలామంది. ఆ పిల్లలు మోసం చేశారా, మోసపోయారా అన్న వాదన ఇప్పటికీ ఉన్నది. నేననేదల్లా ఒకటే: క్లాసుకు రానక్కరలేదు, మొదటి రోజునుంచి ఉద్యోగం చేసుకోవచ్చు అని ఎవరు చెప్పినా, ఆ చెప్పినవాడు మన ఊరివాడైనా సరే, అక్కడినుంచి లేచి రావాలి.

పని అన్నాను గనుక ఇంకొక మాట. యూనివర్సిటీ భోజనశాలలో గిన్నెలు కడగడం, లైబ్రరీలో పుస్తకాలు సర్దడం – ఇవి మన పిల్లలు చేసే పనులు. ‘మా అమ్మాయి అంట్లు తోముతోందా!’ అని కళ్ళనీళ్ళు పెట్టుకున్న తల్లులున్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1922 లో బోస్టను చేరి హార్వర్డులో చదివేటప్పుడు స్కాలర్‌షిప్పు లేక ఒక ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేశారు. రోగుల మలమూత్రపు పాత్రలు శుభ్రం చేసే పని. మద్రాసులో వైద్యం చదివి వెళ్ళిన మనిషి! ఆ తర్వాత ఆయన చేతిమీదుగా వచ్చిన మందులు ప్రపంచమంతా వాడింది. మనింట్లో పనిమనిషి చేసే పనిని తక్కువ పనిగా చూడటం మనం నేర్పినదే. అది ఆ దేశంలో మొదటి వారంలోనే వదులుతుంది. వదలడం మంచిదే.

డబ్బు దగ్గర మొదట్లో ప్రతి వస్తువు ధరనూ రూపాయల్లోకి హెచ్చవేస్తారు పిల్లలు. కాఫీ నాలుగు వందలా అని గుండె పట్టుకుంటారు. ఆ లెక్క కొన్నాళ్ళు మంచిదే గాని, కూరగాయలూ పాలూ మానేసేదాకా పోకూడదు. మూడుపూటలా నూడిల్స్ తిని రక్తహీనత తెచ్చుకున్నవాళ్ళున్నారు. బీమా సంగతి తప్పక చదివించండి. చాలా యూనివర్సిటీలు ఆరోగ్య బీమా తీసుకుని తీరాలంటాయి. బీమా ఉంది కదా అని అంతా వాళ్ళే కడతారనుకోకూడదు. ముందు ఇంత మొత్తం మనం పెట్టుకుంటేగాని వాళ్ళ వంతు మొదలవదు, దాన్ని డిడక్టిబుల్ అంటారు. జ్వరం, దగ్గులాంటి వాటికి యూనివర్సిటీ ఆరోగ్యకేంద్రానికి పోవాలి. పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి పోతే బిల్లు చూసి మళ్ళీ జ్వరం వస్తుంది. అయితే నిజంగా ప్రాణం మీదికి వస్తే బిల్లు సంగతి తలచకుండా 911 కి ఫోను చెయ్యాలి. దానికి లెక్కలు వేసుకోకూడదు.

మోసగాళ్ళ ఫోనులొకటి. ‘ఇమ్మిగ్రేషన్ వాళ్ళం, నీ కాగితాల్లో తప్పుంది, గంటలో గిఫ్టు కార్డులు కొని నంబర్లు చెప్పకపోతే పోలీసులొస్తారు’ అంటారు. పిల్ల పేరు, కాలేజీ పేరు అన్నీ సరిగానే చెబుతారు. ఏ ప్రభుత్వమూ గిఫ్టు కార్డులతో జరిమానా వసూలు చెయ్యదు. ఫోను పెట్టేసి కార్యాలయానికి వెళ్ళాలి, అంతే.

ఇప్పుడు మనసు సంగతి. ఇదే అన్నిటికన్న ఆలస్యంగా మాట్లాడతాం. అమెరికా వచ్చిన నార్వే దేశపు ఫుల్‌బ్రైట్ పండితులను సుమారు 200 మందిని లీస్‌గార్డ్ అనే ఆయన ప్రశ్నించి 1955 లో ఒక సంగతి చెప్పారు. వచ్చి ఆరు నెలలు దాటనివాళ్ళూ బాగానే ఉన్నారు, ఏడాదిన్నర దాటినవాళ్ళూ బాగానే ఉన్నారు. మధ్యలో ఉన్నవాళ్ళే, అంటే ఆరు నుంచి పద్దెనిమిది నెలల వాళ్ళే, కుదుటపడలేక ఉన్నారు. తర్వాతి పరిశోధకులు అందరికీ ఇట్లాగే జరగదని దిద్దారు. కొందరు మొదటి రోజునుంచే దిగులుపడతారు. అయినా మనకిందులో కొత్తేముంది? కొత్తకోడలిని చూడలేదూ! మొదటి నెల చీరలూ విందులూ, అందరూ ముద్దుచేస్తారు. ఆ తర్వాత కదా వంటింటి అటక మీద ఏముందో తెలిసేది! తేడా ఏమంటే, కొత్తకోడలికి ఆషాఢమాసం ఉంది, పుట్టింటికి వస్తుంది. ఈ పిల్లకు విమానం టిక్కెట్టు ధర చూస్తే ఆషాఢం లేదు.

ఆగస్టులో దిగిన పిల్లకు ఆ కష్టకాలం సరిగ్గా చలికాలంలో తగులుకుంటుంది. బోస్టను వైపు డిసెంబరులో సాయంత్రం నాలుగుంబావుకే పొద్దు గుంకుతుంది. పొద్దున్న చీకట్లో వెళ్ళి, సాయంత్రం చీకట్లో రావడం. మంచుమీద జారి పడటం. పండగ సెలవులకు అమెరికన్ పిల్లలంతా ఇళ్ళకు పోతే హాస్టలు ఖాళీ. అప్పుడొస్తుంది బెంగ. తిండి సహించదు, లేదా ఎంత తిన్నా ఆకలే. నిద్ర పట్టదు, లేదా లేవబుద్ధి కాదు. స్నానం మానేస్తారు, ఫోను ఎత్తరు, ఎత్తితే ‘బాగానే ఉన్నానమ్మా’ అంటారు. 1883 లో పద్దెనిమిదేళ్ళ ఆనందీబాయి జోషి కలకత్తాలో ఓడెక్కి పెన్సిల్వేనియాకు వైద్యం చదవడానికి వెళ్ళింది. 1886 లో పట్టా తీసుకుంది. ఆ చలి, సరిపడని తిండి ఆమె ఒంటిని తినేశాయి. క్షయతో తిరిగివచ్చి, 1887 ఫిబ్రవరిలో ఇరవైరెండేళ్ళయినా నిండకుండా పోయింది. ఇక్కడ వైద్యం చేసే భాగ్యం కలగలేదు. పట్టా తెచ్చుకుందని మనం చెప్పుకుంటాం. ఒళ్ళు సంగతి కూడా చెప్పుకోవాలి.

ప్రతి యూనివర్సిటీలోనూ మనసు బాగోలేనివాళ్ళకు కౌన్సెలింగ్ కేంద్రం ఉంటుంది. చెప్పినది బయటికి పోదు, పరీక్షలకూ వీసాకూ అడ్డురాదు. పిచ్చివాళ్ళు వెళ్ళే చోటని మన పిల్లలు దాని ముఖం చూడరు. ప్రాణం తీసుకోవాలన్నంత దుఃఖం వస్తే 988 అనే నంబరుకి ఏ వేళప్పుడైనా ఫోను చెయ్యవచ్చు. 2022 నుంచి ఆ దేశమంతా ఒకే నంబరు. తల్లులారా, ఈ నంబరు మీరు కూడా రాసి ఉంచుకోండి. మీ పిల్లకే అవసరమని కాదు. పక్కగదిలో పిల్లకు కావచ్చు.

తెలుగువాళ్ళ మధ్యనే ఉండటం మంచిదా కాదా అని అడుగుతుంటారు. మంచిదే, కొంతవరకు. దిగిన రోజున విమానాశ్రయానికి కారేసుకుని వచ్చేది వాళ్ళే, మొదటి వారం పప్పూ అన్నం పెట్టేది వాళ్ళే. కానీ ఆ గది దాటకపోతే ఏడాది తిరిగినా అమెరికాలో ఉన్నట్టు లేదు, అమీర్‌పేటలో ఉన్నట్టే. ఇంటిపేరు అడిగి కులం ఆరా తీసి జట్లు కట్టే జాడ్యం కూడా విమానంలో మనతోనే వచ్చింది. అది చెప్పుకోవడానికి సిగ్గయినా ఉన్నమాటే. నా సలహా ఏమంటే, వారంలో ఒక్క భోజనమైనా తెలుగు రానివాళ్ళతో తినాలి. చైనా పిల్లలో, నైజీరియా పిల్లలో, పక్కింటి ముసలమ్మో. మనలాగే దిక్కుతోచక ఉన్న పరాయివాళ్ళు త్వరగా స్నేహితులవుతారు.

చివరగా ఇక్కడ ఉన్న తల్లిదండ్రులకు. అమ్మాయి మార్కులెట్లా ఉన్నాయో చెప్పమని మీరు యూనివర్సిటీకి ఫోను చేస్తే సాధారణంగా చెప్పరు. ఫీజు కట్టింది మేమే అన్నా చెప్పరు. అక్కడ 1974 నుంచి ఒక చట్టం ఉంది. కాలేజీలో చేరిన విద్యార్థి చదువు వివరాలు విద్యార్థివే. ఆమె ఒప్పుకుంటేనే ఎవరికైనా చూపిస్తారు. దీనికి కోపగించిన తండ్రులు నాతో ఫోనులో కేకలేసిన రోజులున్నాయి. వాళ్ళ కోపం నాకు అర్థమైంది; ముప్పై లక్షల అప్పు మీద సంతకం చేసినవాళ్ళు వాళ్ళు. అయినా మార్కులు తెలియాలంటే దారి ఒక్కటే – పిల్ల తనంతట తను చెప్పాలి. తప్పితే చెప్పుకోగలిగేట్టు మనం ఉండాలి. ‘ఫలానావాళ్ళమ్మాయికి అప్పుడే ఉద్యోగం వచ్చిందట’ అని ప్రతి ఆదివారం వినిపించే ఇంటికి ఏ పిల్లా తప్పాననే కబురు చెప్పదు. అట్లా దాచి దాచి, వదిలేసిన సబ్జెక్టులు, తప్పిన సెమిస్టర్లు పెరిగి, చేతులు దాటాక బయటపడ్డవి ఎన్నో.

సుబ్బారావుగారు 1922 లో వెళ్ళిన తర్వాత 1948 లో అక్కడే కన్నుమూసేదాకా ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. అప్పుడు ఉత్తరం ఓడలో రావలసి వచ్చేది. ఇప్పుడు ముఖం చూస్తూ మాట్లాడుతున్నాం. న్యూయార్కు వైపున్న పిల్లకు వేసవిలో మనకంటె తొమ్మిదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదిన్నర గంటలు. మనకు పొద్దున్న ఆరున్నరైతే వాళ్ళకు ముందురోజు రాత్రి ఎనిమిదో తొమ్మిదో. ఆ వేళ బాగుంటుంది. రోజుకి మూడుసార్లు చెయ్యకండి, దాంతో వాళ్ళు ఇక్కడా ఉండరు, అక్కడా ఉండరు. వారానికి రెండు మూడుసార్లు, తీరికగా చెయ్యండి. ‘తిన్నావా?’ అని అడిగితే ‘ఆ, తిన్నాను’ అంటుంది, మాట అక్కడితో సరి. ‘ఈ వారం ఎవరితో కలిసి తిన్నావు?’ అని అడిగి చూడండి. పేరు చెబితే సంతోషించండి. ఎవరూ లేరని చెబితే, లేక మాట దాటేస్తే, ఆ రోజు ఫోను త్వరగా పెట్టెయ్యకండి.